కనీస వేతనం పెంచితే షాపుల్లో ఉద్యోగాలు పోతాయా? మా చెల్లి వాళ్ల ఓనర్ అదే అంటున్నాడు

పాలకొల్లు అక్క:

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా చెల్లి డిగ్రీ అయ్యాక భీమవరంలో ఒక పెద్ద బట్టల షాపులో సేల్స్‌లో చేరింది. పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా కౌంటర్ దగ్గరుండాలి, రాత్రి షట్టర్ దించేసరికి తొమ్మిదిన్నర, మధ్యలో భోజనానికి ఒక గంట. జీతం నెలకి 9,500. వారానికి ఒక సెలవు ఇస్తారు గానీ ఆషాఢం ఆఫర్లప్పుడు, సంక్రాంతి ముందు అది కూడా ఉండదు. కూర్చోడానికి స్టూలు వెయ్యరు. కస్టమర్లు లేని మధ్యాహ్నం పూట కూడా నిలబడే చీరలు మళ్లీ మళ్లీ మడతపెట్టాలి. ఇంటికొచ్చేసరికి చీలమండలు వాచిపోయి చెప్పుల పట్టీ అచ్చు కాలి మీద ఎర్రగా పడి ఉంటుంది, చూస్తే నాకే ఏడుపొస్తుంది.

ఈమధ్య ఆడపిల్లలందరూ కలిసి జీతం పెంచమని అడిగారు. గవర్నమెంటు కనీస వేతనం పెంచాలని యూనియన్లు అడుగుతున్నాయి కదా, ఆ మాట కూడా ఎత్తారు. దానికి ఓనర్, "గవర్నమెంటు పెంచితే పెంచనివ్వండి, ఇరవై మందిని తీసేసి పది మందితో నడుపుకుంటాను, అప్పుడు ఆ పది మందిలో మీరుంటారో లేదో చూసుకోండి" అన్నాడట. అప్పట్నుంచి పిల్లలందరికీ ఒకటే టెన్షన్. ఇంట్లో నాన్నగారేమో ఉన్న పని పోగొట్టుకోకమ్మా, నోరు మూసుకుని చేసుకో అంటున్నారు.

నాకు మాత్రం ఇందులో న్యాయం కనపడట్లేదు. జీతం పెంచమంటే ఉద్యోగాలు పోతాయనేది నిజంగా జరిగేదేనా, లేక పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే మాటా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, నాన్నగారికి చదివి వినిపిస్తాను.

రాజమండ్రి లెడ్జర్:

అమ్మా, నేను షాపులకి, మిల్లులకి లెక్కలు రాస్తాను, జీతాల రిజిస్టర్లు రోజూ చూసే పనే. ముందు మీ చెల్లి విషయంలో లెక్క చూడండి. రోజుకి 11 గంటల పని, వారానికి ఆరు రోజులు, అంటే 66 గంటలు. చట్టం ప్రకారం వారానికి 48 గంటలే. మిగతా 18 గంటలకి రెట్టింపు రేటు ఇవ్వాలి. ఆవిడకిస్తున్న 9,500 మీదే లెక్క కట్టినా గంటకి 45 రూపాయల పైచిలుకు, రెట్టింపు చేస్తే 91. ఈ లెక్కన ఓవర్‌టైమే నెలకి ఏడు వేల పైన రావాలి. అంటే కనీస వేతనం పెంచడం దాకా వెళ్లకముందే, ఆ ఓనరు ఇప్పటికే బాకీ ఉన్నాడు. మీ నాన్నగారికి ముందు ఈ ముక్క చదవండి.

ఇక కనీస వేతనం అంటే ఏమిటో చాలామందికి తెలియదు, ఏదో గవర్నమెంటు దయతో వేసే అంకె అనుకుంటారు. దానికొక పద్ధతి ఉంది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఏం చెప్పిందంటే, ఒక కార్మికుడి జీతంతో ముగ్గురు పెద్దవాళ్లకి సరిపడా తిండి, మనిషికి రోజుకి 2,700 క్యాలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, దాని మీద వంటచెరుకు, దీపం లాంటి ఖర్చులకి మొత్తంలో 20 శాతం రావాలి. తర్వాత 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పెళ్లిళ్లు, ముసలితనం వీటికోసం ఇంకో 25 శాతం కలపాలంది. ఇది విలాసం కాదు, మనిషి బతికి మర్నాడు మళ్లీ పనికి రావడానికి కావలసినది, అంతే.

ఇదే పద్ధతితో ఏడో వేతన సంఘం లెక్కేసినప్పుడు 2016లో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అటెండరుకి కనీస మూలవేతనం 18,000 అయింది. అదే బియ్యం, అదే కందిపప్పు, అదే బట్ట. భీమవరం షాపులో నిలబడే పిల్లకి పదేళ్ల తర్వాత కూడా అందులో సగం. కేంద్రం ప్రకటించిన జాతీయ స్థాయి కనీస వేతనం చూస్తే 2017లో రోజుకి 176 అన్నారు, 26 రోజులకి 4,576. తర్వాత కేంద్రమే వేసిన నిపుణుల కమిటీ 2019లో, 2018 జూలై ధరల ప్రకారం రోజుకి 375 ఉండాలని, పట్నాల్లో ఇంటద్దెకి అదనంగా 55 దాకా ఇవ్వాలని చెప్పింది. 375 చొప్పున 26 రోజులకి 9,750. అంటే 2018 ధరలకి కావలసిన దానికన్నా మీ చెల్లికి ఇవాళ తక్కువ వస్తోంది. పెంచాలా వద్దా అనే ప్రశ్నకి నా వరకు ఇదే జవాబు.

భీమవరం నుంచి హైటెక్ సిటీ:

అక్కా, మీ చెల్లి కష్టం అర్థమైంది కానీ ఆవేశంతో చూడకండి. ఏ వస్తువైనా రేటు పెంచితే కొనేవాళ్లు తగ్గుతారు, పని కూడా అంతే. జీతం బలవంతంగా పెంచితే ఓనర్ తక్కువమందిని పెట్టుకుంటాడు, లేదా మెషీన్ పెడతాడు. ఇప్పుడు జనం ఆన్‌లైన్‌లో కొంటున్నారు, భీమవరం షాపులు అసలే పోటీలో ఉన్నాయి. జీతం మార్కెట్ డిసైడ్ చెయ్యాలి. నచ్చకపోతే వేరే షాపుకి మారొచ్చు కదా?

అమలాపురం లెక్చరర్:

తమ్ముడూ, నువ్వు చెప్పింది మేం ఇంటర్ పిల్లలకి మొదటి పాఠంలో చెప్పేదే. కానీ అక్కడితో ఆగిపోతే కుదరదు, ఎంచేతంటే ఈ ప్రశ్నని జనం నిజంగా లెక్కపెట్టి చూశారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న సుమారు 400 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో పెంచకముందు ఎంతమంది పనిచేస్తున్నారు, పెంచాక ఎంతమంది అని ఆరా తీశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. 1994లో ఇది బయటికొచ్చినప్పుడు పెద్ద గొడవే అయింది, ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఈ తరహా పరిశోధనలకే కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. జర్మనీ 2015లో మొదటిసారి దేశమంతటికీ గంటకి 8.50 యూరోలు పెట్టినప్పుడూ లక్షల ఉద్యోగాలు పోతాయని భయపెట్టారు, ఆ భయం నిజం కాలేదు.

ఎందుకు పోలేదో తెలియాలంటే మన భీమవరమే చూడు. వేరే షాపుకి మారొచ్చు కదా అన్నావు. ఆ అమ్మాయి పాలకొల్లు వైపు పల్లెటూరి నుంచి వస్తోంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక బస్సు దొరికే చోటే చెయ్యగలదు. ఇంట్లోవాళ్లు ఒప్పుకునే షాపు అయ్యుండాలి. అలాంటివి నాలుగైదు ఉంటాయి, ఆ ఓనర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఒకడు తొమ్మిదిస్తే ఇంకొకడూ తొమ్మిదే ఇస్తాడు. పని కొనేవాడు నలుగురైదుగురే అయినప్పుడు జీతం మార్కెట్ నిర్ణయించదు, వాళ్లు నిర్ణయిస్తారు. ఆ పిల్ల తెచ్చిపెట్టే లాభంలో చాలా భాగం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. చట్టం జీతాన్ని కాస్త పైకి జరిపితే ఆ మిగులులోంచి తగ్గుతుంది గానీ, షాపులో మనుషుల అవసరం తగ్గదు. సంక్రాంతికి మూడంతస్తుల షాపుని పది మందితో నడపగలిగితే ఆయన ఇవాళే నడిపేవాడు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఒకమాట ఒప్పుకుంటాను. రేపొద్దున్నే నెలకి నలభై వేలు ఇవ్వాలంటే చిన్న షాపులు మూతపడతాయి, అనుమానం లేదు. కానీ అలా ఎవరూ అడగట్లేదు. మూడు పూటలా తిండి, ఇంటద్దె, పిల్లల ఫీజు వెళ్లేంత అడుగుతున్నారు. పెంచకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా అమెరికాలోనే చూడొచ్చు, వాళ్ల కేంద్ర కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు ఆగలేదు. చాలా రాష్ట్రాలు విసిగిపోయి తమ సొంత రేట్లు పెంచుకున్నాయి.

దాళ్వా కౌలు రైతు:

ఏమండీ, అందరూ షాపుల గురించే మాట్లాడుతున్నారు. మా సంగతి ఎవరు చూస్తారు? నేను ఉండి దగ్గర కౌలుకి చేస్తాను. ఎకరా ఊడ్పుకి ముఠా వాళ్లు ఐదు వేల పైనే అడుగుతున్నారు, అదీ నారు ముదిరిపోతోందని మనం బతిమాలితే తప్ప రారు. కూలి పెంచండి పెంచండి అనేవాళ్లు ధాన్యం రేటు గురించి మాట్లాడరేం? 2025-26కి మద్దతు ధర సాధారణ రకం క్వింటాలు 2,369 అన్నారు, అంటే మా 75 కేజీల బస్తా 1,777. తేమ ఉందని, నూక ఎక్కువని మిల్లు దగ్గర అందులోనూ కోత. 2011లో కోనసీమ రైతులు ఊరికే క్రాప్ హాలిడే ప్రకటించలేదండి, సార్వా (ఖరీఫ్) నాట్లు వెయ్యకుండా పొలాలు బీడు పెట్టారంటే కడుపు ఎంత మండితే పెట్టి ఉంటారు? అప్పుడూ ఖర్చులు పెరిగాయి, రేటు రాలేదు.

కూలివాళ్లకి ఇవ్వకూడదని నేననను. మా ఆవిడ కూడా మా పని లేని రోజుల్లో పక్కవాళ్ల చేలోకి ఊడ్పులకి వెళ్తుంది. కానీ మా మీదే పెట్టి పెంచితే మేం ఎక్కణ్ణుంచి తెస్తాం?

అమలాపురం లెక్చరర్:

అన్నయ్యగారూ, మీ బాధలో న్యాయం ఉంది, దాన్ని పక్కకి నెట్టను. కానీ మీ లెక్కలో ఒక పెద్ద అంకె మీరు చెప్పలేదు. కౌలెంత కడుతున్నారు? మా వైపు రెండు పంటలకీ కలిపి ఎకరానికి ముప్పై బస్తాలు కట్టేవాళ్లున్నారు. మీరు చెప్పిన రేటుకే 53 వేల పైమాట. ఊడ్పు ముఠా అడిగిన ఐదు వేలు దాని పక్కన పెట్టి చూడండి. మిమ్మల్ని ముంచేది ఎండలో నడుం వంచి నాటే మనిషి కాదు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, ఆయన పెట్టడు. అందుకని బ్యాంకు అప్పు రాదు, పంట పోతే నష్టపరిహారం ఆయన ఖాతాలో పడుతుంది.

ఇంకోటి, మద్దతు ధర కట్టేటప్పుడు కూలికి పెట్టిన ఖర్చు లెక్కలోకి వస్తుంది. కూలి న్యాయంగా పెరిగితే ఆ పెరిగిన ఖర్చు మీదే ధర కట్టమని, స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చుకి సగం కలిపి ఇమ్మని, ఆ ఖర్చులో భూమి అద్దె కూడా లెక్కెయ్యమని అడిగే బలం మీకొస్తుంది. కూలీ, కౌలు రైతూ ఒకరి మీద ఒకరు పడితే లాభపడేది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు.

దాళ్వా కౌలు రైతు:

మా పక్క ముప్పై దాటిపోయిందండి. నేను ముప్పై మూడు కడుతున్నాను. మద్దతు ధర, కూలి రెండూ కలిపి అడిగితే నేనూ వస్తాను. ఒక్కదాని కోసమే అయితే రాను.

తణుకు టిఫిన్స్:

నేను హోటల్ ఓనర్‌ని. అమ్మా, మీ చెల్లి ఓనర్ చెప్పిన మాట నాకు కొత్త కాదు, మా వాళ్ల మీటింగుల్లో రోజూ వినేదే. నా హోటల్ లెక్క చెప్తాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు. నా ఖర్చులో జీతాలు పావు వంతు. మిగతాది సరుకులు, గ్యాసు, అద్దె, కరెంటు. జీతాలు ఇరవై శాతం పెంచాననుకోండి, మొత్తం ఖర్చు పెరిగేది ఐదు శాతం. 40 రూపాయల ఇడ్లీ ప్లేటు 42 అవుతుంది. 2024 సెప్టెంబర్‌లో వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచినప్పుడు డబ్బా రేటు ఒక్కసారిగా ఎగిరింది. అప్పుడు మా ఊళ్లో అందరూ పూరి, గారె రేట్లు పెంచారు. ఒక్క హోటలూ మూతపడలేదు, ఒక్క కస్టమరూ మానలేదు. నూనెకి పెంచగలిగినవాళ్లం మనిషికి ఎందుకు పెంచలేం?

మా మాస్టర్లు, సప్లయర్లు ఎక్కువమంది ఒడిశా, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. తక్కువిస్తే నెలకొకరు వెళ్లిపోతారు. కొత్తవాడికి దోసె పల్చగా తిప్పడం నేర్పేలోపు సగం పిండి పాడవుతుంది. అందుకని నేను కొన్నేళ్లుగా మార్కెట్ కంటే ఎక్కువే ఇస్తున్నాను, మనుషులు నిలబడ్డారు. నా బాధల్లా వేరే ఉంది. నేను సరిగ్గా ఇస్తుంటే రోడ్డుకి అటువైపు వాడు పదిహేనేళ్ల కుర్రాడితో గ్లాసులు కడిగించి ప్లేటు ఐదు రూపాయలు తక్కువకి అమ్ముతాడు. చట్టం గట్టిగా ఉండి అందరికీ ఒకటే రేటైతే, సరిగ్గా ఇచ్చేవాడు నష్టపోడు. కనీస వేతనం పెంచమని అడగాల్సింది కార్మికులే కాదు, నాలాంటి ఓనర్లు కూడా.

ఆ పెంచేది మాత్రం ఏటా కొంచెం కొంచెం, ముందుగా చెప్పి పెంచాలి. చాలాకాలం ఊరుకుని ఒకేసారి మీద పడేస్తే చిన్నవాళ్లం తట్టుకోలేం. ఇది ప్రభుత్వాలు వినాలి.

నరసాపురం లేసు:

ఇక్కడ ఒక విషయం ఎవరూ రాయలేదండి, పీసు రేటు. మాది నరసాపురం దగ్గర. అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ లేసు అల్లుతోంది. వంట అయ్యాక అరుగు మీద కూర్చుంటే చీకటి పడే దాకా కొక్కెం కదులుతూనే ఉంటుంది, చూపుడు వేలు పక్కన చర్మం గట్టిపడి పసుపు రంగు తిరిగింది. ఇప్పుడు కంటిచూపు తగ్గి నల్లదారం పని వదిలేసింది, తెల్లదే చేస్తుంది. ఏజెంటు దారం ఇచ్చి, అల్లినదానికి లెక్కకట్టి ఇస్తాడు. గంటల్లోకి మారిస్తే చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. అడిగితే "ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు చేసుకునేదేగా" అంటారు. ఆవిడ ఖాళీగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మన లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ అల్లే చేతికి ఏం పెరిగిందో అడిగినవాళ్లు లేరు.

రొయ్యల షెడ్లలో మా పిన్ని చేసేదీ ఇదే. తల తీసి తొక్క ఒలిస్తే కేజీకింత. ఐసు నీళ్లలో చేతులు పెట్టి పెట్టి వేళ్ల సందులు పాసిపోతాయి. 2025లో అమెరికా సుంకాలు పెంచగానే సరుకు రావట్లేదని పని రోజులు తగ్గించారు. లాభాలొచ్చిన ఏళ్లలో కేజీ రేటు పెంచారా అంటే లేదు. నష్టం వచ్చినప్పుడు మాత్రం అందరం పంచుకోవాలి. మా వీధిలో ఇద్దరాడవాళ్లు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి కువైట్ వెళ్లిపోయారు ఇళ్లల్లో పనికి. ఇక్కడ పని లేక వెళ్లలేదు, ఇక్కడి పనికి డబ్బు రాక వెళ్లారు. కనీస వేతనం పెంచేటప్పుడు పీసు రేటు కూడా కలిపి పెంచకపోతే మాలాంటి ఇళ్లకి ఒక్క రూపాయి రాదు.

రాజమండ్రి లెడ్జర్:

నరసాపురం చెల్లెమ్మ చాలా ముఖ్యమైన మాట చెప్పారు. చట్టంలో దీనికి దారి ఉంది. గంటలకో రోజుకో కనీస రేటు నిర్ణయించిన పనిలో మనిషిని పీసు లెక్కన పెట్టుకున్నా, ఆ రేటు కంటే తక్కువ రాకూడదని 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉంది, దాని బదులు వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్‌లోనూ ఉంచారు. షెడ్డులో పనిచేసేవాళ్లు ఇది గట్టిగా అడగొచ్చు. ఇళ్లల్లో అల్లేవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఏజెంటు నేను ఓనర్‌ని కాదంటాడు, ఎగుమతి చేసేవాడు ఆవిడెవరో నాకు తెలియదంటాడు. అందుకే అక్కడ పీసుకే కనీస రేటు కట్టించుకోవాలి.

1982లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని, రాజ్యాంగం 23వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. ఆ అమ్మాయి ఒప్పుకునే చేస్తోంది కదా అనే వాదన అక్కడ చెల్లదు. ఆకలికి ఒప్పుకోవడం ఇష్టపడి ఒప్పుకోవడం కాదని కోర్టు స్పష్టం చేసింది.

పాలకొల్లు అక్క:

అందరికీ చాలా థాంక్సండి. మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన పాత రోజుల్లో రైస్ మిల్లులో బస్తాలు మోసినవారే. తణుకు హోటల్ గారి లెక్క రెండుసార్లు చదివించుకున్నారు. "సరే, పిల్లలందరూ కలిసి అడిగితే తప్పులేదు, మనమ్మాయి ఒక్కత్తే ముందు నిలబడకూడదు" అన్నారు. అదే చాలు నాకు.

లెడ్జర్ గారూ, ఒక సందేహం. పిల్లల దగ్గర అపాయింట్‌మెంట్ కాగితం, పేస్లిప్ ఏవీ లేవు. కొందరికి చేతికే ఇస్తారు. ఏం చూపించి అడగాలి?

రాజమండ్రి లెడ్జర్:

కాగితం లేకపోయినా పర్వాలేదమ్మా. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం జీతం సరిగ్గా ఇచ్చానని రుజువు చేసుకోవాల్సిన భారం ఓనర్ మీదే ఉంటుంది. బాకీ కోసం క్లెయిమ్ వెయ్యడానికి పాత చట్టంలో ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేళ్లు. మొదటిసారి తక్కువిచ్చి దొరికితే 50 వేల దాకా జరిమానా.

మీరు చెయ్యాల్సిందల్లా, ఫోన్‌పేలోనో బ్యాంకులోనో జీతం పడినవాళ్లు ఆ మెసేజీలన్నీ దాచుకోవాలి. చేతికిచ్చేవాళ్లు ఏ తేదీన ఎంత ఇచ్చారో ఆ రోజే ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. షాపు వాట్సాప్ గ్రూపులో "రేపు సెలవు లేదు, తొమ్మిదింటికే రండి" లాంటి మెసేజీలు ఉంటాయి, అవి డిలీట్ అవ్వకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోమనండి. ఐడీ కార్డు, యూనిఫాంతో ఫొటో ఉన్నా పనికొస్తుంది. మన రాష్ట్రంలో కరువు భత్యం (డీఏ) ఏటా ఏప్రిల్, అక్టోబర్‌లలో మారుతుంది కాబట్టి, లేబర్ ఆఫీసుకి వెళ్లినప్పుడు షాపులకి వర్తించే తాజా రేటు, బేసిక్ ఎంత డీఏ ఎంత అని విడివిడిగా అడిగి రాయించుకోండి. అర్జీ ఒక్కరి పేరుతో వద్దు, ఎంతమంది వస్తే అంతమందీ సంతకాలు పెట్టాలి. ఇచ్చాక రెండో కాపీ మీద తేదీ వేసి స్టాంపు కొట్టించుకోకుండా మాత్రం బయటికి రావద్దు.